పసిబిడ్డ నుంచి తాతయ్య దాకా: ఇంటిల్లిపాది ఆరోగ్యంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉయ్యాల్లో బిడ్డ, ఇంటర్ చదివే అమ్మాయి, షుగర్ ఉన్న నాన్న, మోకాళ్లు పట్టుకుని లేచే నానమ్మ ఒకే ఇంట్లో ఉంటారు. వాళ్లందరి బాగోగులూ చాలావరకు ఒక్కరి మీదే, అంటే ఆ ఇంటి ఇల్లాలి మీదే పడతాయి. ఈ ప్రశ్నలన్నీ అలాంటివాళ్లు అడిగేవే. మన ఇళ్లలో తరాలుగా వస్తున్న పద్ధతులు ఎక్కువశాతం మంచివే, వాటిని మార్చాల్సిన పనిలేదు. కొన్ని మాత్రం ప్రాణం మీదకు తెస్తాయి. ఏది ఉంచుకోవాలో, ఏది వెంటనే మానాలో, ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలో చెప్పడమే ఇక్కడి ఉద్దేశం. మిమ్మల్ని చూసి పరీక్షించిన డాక్టర్ వేరే మాట చెబితే ఆ మాటే వినండి.

పసిపిల్లలు

ప్రశ్న: బిడ్డ పుట్టగానే నాలుకకు తేనె రాయడం మా ఆనవాయితీ అని అత్తగారు అంటున్నారు. రాయొచ్చా?

వద్దు. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా తగలకూడదు. తేనెలో ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ల పేగుల్లో అవి ఏమీ చేయలేవు. పసిబిడ్డ పేగుల్లో మాత్రం పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. అప్పుడు బిడ్డ ఒళ్లు మెత్తబడిపోతుంది, పాలు పీల్చలేదు, ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతుంది. ఇది అరుదుగా వచ్చేదే. అయినా రాయకుండా ఉంటే పోయేదేమీ లేదు కాబట్టి ఆ ప్రమాదం మనకెందుకు?

బిడ్డ నోట్లో మొదట పడాల్సినవి ముర్రుపాలు, అదీ పుట్టిన గంటలోపే. సిజేరియన్ అయినా తల్లికి తెలివి ఉంటే పక్కన పడుకోబెట్టి పట్టించొచ్చు. ఆ తర్వాత 6 నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ అక్కర్లేదు. మే నెల ఎండల్లో కూడా మంచినీళ్లు పట్టనక్కర్లేదు, ఎందుకంటే ఆ పాలలో ఎక్కువ భాగం నీళ్లే. అత్తగారి మాట కాదన్నట్టు ఉంటుందని బాధపడకండి. బిడ్డను మొదట చేతుల్లోకి తీసుకునేది, చెవిలో పేరు చెప్పేది ఆవిడే అయ్యేలా చూడండి. ఆవిడ పెద్దరికానికి లోటు రాదు.

ప్రశ్న: పాలు చాలడం లేదేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా తెలుసుకోవాలి?

మొదటి వారం దాటాక రోజుకు 6 సార్లో అంతకంటే ఎక్కువో ఉచ్చ పోస్తుంటే, నెల నెలా బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. పుట్టిన కొద్ది రోజులు బరువు కాస్త తగ్గడం మామూలే. 2 వారాలకల్లా ఆ బరువు తిరిగి వచ్చేయాలి. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ ఆకలే అనుకుని డబ్బా పాలు మొదలుపెడితే బిడ్డ తక్కువ పీలుస్తుంది, దాంతో తల్లికి పాలు నిజంగానే తగ్గిపోతాయి.

ప్రశ్న: నూనె, సాంబ్రాణి, కాటుక... వీటిలో ఏది మంచిది, ఏది కాదు?

ఒంటికి నూనె రాసి మెల్లగా మర్దన చేయడం చాలా మంచిది. బిడ్డ హాయిగా నిద్రపోతుంది, అమ్మమ్మకూ మనవరాలికీ మధ్య దగ్గరితనం పెరుగుతుంది. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం మాత్రం ఈరోజే మానేయండి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది, అది మామూలు మందులకు సులభంగా తగ్గదు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. పైగా కాటుక వేలితో కళ్లకు ఇన్‌ఫెక్షన్ అంటుకుంటుంది. దిష్టి కోసమే అయితే అరికాలికి ఒక చుక్క పెట్టండి. సాంబ్రాణి పొగ గదంతా కమ్మేలా వేస్తే చిన్న ఊపిరితిత్తులు తట్టుకోలేవు. తల ఆరడానికి మెత్తటి తువాలు చాలు. బొడ్డు ఊడేదాకా దాని మీద పసుపు, బూడిద, నూనె లాంటివేవీ వద్దు. పొడిగా వదిలేయండి.

ప్రశ్న: జలుబు ఉంటే టీకా వేయించొచ్చా? తేదీ దాటిపోతే?

మామూలు జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నా వేయించొచ్చు. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి ఇస్తారు. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా), 9 నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా వేస్తారు. ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. తేదీ దాటితే మళ్లీ మొదటినుంచి వేయరు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. కాబట్టి ‘ఆలస్యమైంది కదా, తిడతారేమో’ అని భయపడి మానేయకండి. 2014 మార్చిలో భారత్‌ పోలియో లేని దేశంగా గుర్తింపు పొందిందంటే, ఊరూరా ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఆ చుక్కల డబ్బా మోసుకుని తిరగడం వల్లే.

ప్రశ్న: ఉగ్గు ఎప్పుడు మొదలుపెట్టాలి? పప్పు మీది తేట చాలా?

6 నెలలు నిండగానే. పప్పు తేటలో, అన్నం వార్చిన గంజిలో నీళ్లే తప్ప బలం పెద్దగా ఉండదు. చెంచా వంచినా జారిపోనంత చిక్కగా పెట్టాలి. మెత్తగా మెదిపిన పప్పన్నంలో నెయ్యి, ఉడికించిన గుడ్డు, చిలగడదుంప, అరటిపండు అన్నీ పెట్టొచ్చు. ఏడాదిలోపు చక్కెర వద్దు, విడిగా ఉప్పు కలపడమూ వద్దు. వేరుశనగ గింజలు, శనగలు అలాగే పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి కలపండి. తల్లిపాలు రెండేళ్ల దాకా కొనసాగించండి.

ప్రశ్న: పాపకు విరేచనాలు అవుతున్నాయి. పాలు ఆపేయాలా?

ఆపకూడదు. విరేచనాల వల్ల పిల్లల ప్రాణం పోయేది రోగంతో కాదు, ఒంట్లో నీరు, లవణాలు అయిపోవడంతో. దీనికి మందు ఓఆర్ఎస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ముంచెత్తి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేలమందిని కాపాడారు. ఇప్పుడు మీ వీధి చివర మందుల దుకాణంలో దొరికే ప్యాకెట్ వెనక ఉన్నది ఆ అనుభవమే.

ప్యాకెట్ మీద లీటరు అని రాసి ఉంటే మొత్తం పొడి ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేయడం ప్రమాదం. కలిపిన నీళ్లు 24 గంటల్లో వాడేయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లలో 6 చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, గుట్టగా కాక సమంగా కొలవాలి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టించండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. డాక్టర్‌ను అడిగి 14 రోజులు జింక్ వేయండి, మళ్లీ మళ్లీ రాకుండా ఉంటుంది.

అట్టపెట్టెల్లో తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్మేవారు. వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు పెరిగే ప్రమాదం ఉంది. హైదరాబాద్‌ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూసుకోండి. బిడ్డ కళ్లు లోతుకు పోయినా, 6 గంటలుగా ఉచ్చ పోయకపోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో ఆగొద్దు.

ప్రశ్న: జ్వరం వస్తే దుప్పటి కప్పాలా, తడిగుడ్డ వేయాలా?

పలచటి బట్టలు వేసి గాలి తగలనివ్వండి. గోరువెచ్చని నీళ్లతో తుడవొచ్చు, ఐసు నీళ్లు వద్దు. పారాసెటమాల్‌ను వయసును బట్టి కాదు, బరువును బట్టి ఇవ్వాలి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం 4 నుంచి 6 గంటల తేడాతో, రోజుకు 4 సార్లు మించకుండా. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక సిరప్‌లో 5 మి.లీ.కి 125 మిల్లీగ్రాములు ఉంటే, చూడ్డానికి అలాగే ఉన్న మరో సీసాలో 250 ఉంటాయి. చుక్కల మందు ఇంకా గాఢంగా ఉంటుంది. సీసా మారితే కొలత మారుతుందని గుర్తుంచుకోండి. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు సిరప్‌లు వద్దేవద్దు. 3 నెలలలోపు బిడ్డకు 100.4 ఫారెన్‌హీట్ దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జ్వరంతో ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం ఏదీ చేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ముందే ఆగిపోయినా మొదటిసారి వస్తే డాక్టర్‌కు చూపించాల్సిందే.

బాలింత

ప్రశ్న: మా అమ్మాయి పురుడు పోసుకుని పుట్టింటికొచ్చింది. నీళ్లు ఎక్కువ తాగితే ఒళ్లు వస్తుందని, పెరుగు తింటే బిడ్డకు జలుబు చేస్తుందని అంటున్నారు. నిజమేనా?

రెండూ నిజం కాదు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ నీళ్లు, ఎక్కువ తిండి కావాలి. పాత బియ్యం అన్నంలో కారప్పొడి, వెల్లుల్లి, నెయ్యి మాత్రమే పెట్టి నెల గడిపితే మలబద్ధకం, నీరసం, రక్తం తక్కువ కావడం తప్పదు. కాన్పులో పోయిన రక్తం మళ్లీ పట్టాలంటే పప్పు, ఆకుకూరలు, గుడ్డు, మాంసం, పాలు, పెరుగు, పండ్లు అన్నీ పెట్టండి. మెంతులు, శొంఠి, నువ్వులు, వెల్లుల్లి ఉంచుకోండి, వాటితో ఇబ్బంది లేదు. పథ్యం అంటే కలపడం కావాలి, తీసేయడం కాకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత కూడా 6 నెలలు వేసుకోవాలి.

మూడో రోజు, నాలుగో రోజు ఊరికే ఏడుపు రావడం చాలామందిలో ఉంటుంది, తగ్గిపోతుంది. 2 వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, బిడ్డ మీద మనసు పోవడం లేదన్నా, నిద్రే పట్టకపోయినా దాన్ని ‘బాలింత బలహీనత’ అని తీసిపారేయొద్దు. అది చికిత్సతో తగ్గే జబ్బు. ఆ సమయంలో ఆమెకు కావాల్సింది తిట్లు కాదు, రాత్రి రెండు గంటలు బిడ్డను ఎత్తుకునే మనిషి. ఆ పని బిడ్డ తండ్రి కూడా చేయొచ్చు. ప్యాడ్ గంటలోపే తడిసిపోయేంత రక్తం పోతున్నా, జ్వరం వచ్చినా, విపరీతమైన తలనొప్పితో కళ్లు మసకబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎదిగే పిల్లలు

ప్రశ్న: ఇంటర్ చదివే మా అమ్మాయి ఎప్పుడూ నీరసం అంటుంది. చదువు ఎగ్గొట్టడానికేనా?

ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువే. అంటే ఇది సోమరితనం కాదు, మన ఇళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు మోస్తున్న జబ్బు. నెలసరిలో పోయే రక్తానికి తగ్గ ఐరన్ తిండిలో లేకపోవడం ముఖ్య కారణం. కడుపులో నులిపురుగులు మరో కారణం. అందుకే ఏడాది నుంచి 19 ఏళ్ల వరకు పిల్లలందరికీ ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగులకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు.

బళ్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను సంచిలో దాచేయకుండా తిన్నాక వేసుకోమనండి. మలం నల్లగా రావడం మామూలే. తోటకూర, మునగాకు, గోంగూర, వేరుశనగలు, గుడ్డు, వేట మాంసం, కాలేయం మంచివి. భోజనంలో నిమ్మకాయ పిండుకున్నా, జామకాయ తిన్నా ఆ ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే చాలావరకు వృథా. గంట ఆగండి. ఇంట్లో చివర్న మిగిలింది తినే అలవాటు అమ్మ మానుకుంటే కూతురూ నేర్చుకోదు.

ప్రశ్న: హాస్టల్లో పొద్దున 5 నుంచి రాత్రి 11 దాకా చదివిస్తున్నారు. పిల్లాడు ముభావంగా ఉంటున్నాడు.

ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. నిద్ర కోసి చదివిస్తే మార్కులూ రావు. ఫోన్‌లో ‘ఎన్ని మార్కులొచ్చాయి నాన్నా’ అనే ప్రశ్న కంటే ముందు ‘తిన్నావా, నిద్రపోయావా’ అని అడగండి. తిండి మానడం, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేయడం, ‘నేను లేకపోతే మీకు హాయి’ లాంటి మాటలు విన్నారంటే అదేరోజు వెళ్లి ఇంటికి తెచ్చుకోండి. పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడిగితేనే గుండె బరువు దిగుతుంది. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ కేంద్రం టెలీ మానస్ నంబర్ 14416. పగలూ రాత్రీ, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

నడివయసు

ప్రశ్న: షుగర్ వచ్చింది. అన్నం మానేసి రాగి జావ తాగితే సరిపోతుందా?

సరిపోదు. రాగిని మెత్తటి పిండి చేసి జావ కాస్తే అది త్వరగా జీర్ణమై షుగర్‌ను గబుక్కున పెంచుతుంది. అదే రాగి సంగటిగానో, జొన్న రొట్టెగానో, పక్కన పప్పు, ఆకుకూర ఉంటే కాస్త నిదానిస్తుంది. ఏ ధాన్యమన్నది కంటే ఎంత తిన్నామన్నది ముఖ్యం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2000 కేలరీల తిండికి ధాన్యాలు 250 గ్రాములే, కూరగాయలు 400 గ్రాములు. మన కంచంలో లెక్క దాదాపు తలకిందులుగా ఉంటుంది. కొండంత అన్నం, దాని పక్కన గోరంత కూర.

అన్నం పూర్తిగా మానక్కర్లేదు. ముందు కూర, పప్పు వడ్డించుకుని సగం తినండి, తర్వాత అన్నం పెట్టించుకోండి. సాంబారు, రసం, పెరుగు అంటూ మూడు విడతల అన్నం ఒక విడతకు తగ్గించండి. తిన్న తర్వాత 10 నిమిషాలు నడవండి. వారం మొత్తంమీద 150 నిమిషాల చురుకైన నడక లక్ష్యం. మాత్రలో, ఇన్సులినో తీసుకునేవాళ్లకు చెమటలు పట్టి, చేతులు వణికి, షుగర్ 70 కంటే తగ్గితే వెంటనే 3 టీ చెంచాల చక్కెరను నీళ్లలో కలుపుకుని తాగాలి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. పుండు కనిపిస్తే నొప్పి లేదని ఊరుకోవద్దు.

ప్రశ్న: బీపీ మాత్ర మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట. తలనొప్పి ఏమీ లేదు కదా, అవసరమా?

బీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. చూపించేది పక్షవాతంగానో, కిడ్నీ దెబ్బతినడంగానో ఉంటుంది. వేర్వేరు రోజుల్లో కొలిచినా 140/90 ఉంటుంటే మాత్ర కావాలి. బాగుందని సొంతంగా ఆపేస్తే మళ్లీ పెరుగుతుంది. కొలిచే ముందు 5 నిమిషాలు కూర్చోండి, అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. ఉప్పు రోజు మొత్తానికి ఒక టీ చెంచాకు మించకూడదు. ఆవకాయ, అప్పడం, వడియాలు, మజ్జిగ మిరపకాయలు ఆ చెంచాలో భాగమే.

ప్రశ్న: నీరసంగా ఉంటే సెలైన్ పెట్టించుకుంటే ఓపిక వస్తుందా?

అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. మామూలు సెలైన్ సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, నీళ్లు. నోటితో తాగగలిగిన మనిషికి ఇది మజ్జిగ, అన్నం ఇచ్చేదానికంటే ఏమీ ఎక్కువ ఇవ్వదు. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది. వాడిన సూదే వాడితే హెపటైటిస్ అంటుతుంది. డబ్బులు ఖర్చు పెట్టదలిస్తే హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షల మీద పెట్టండి. నీరసానికి కారణం అక్కడ దొరుకుతుంది.

ప్రశ్న: ఛాతీలో మంట, బరువు. గ్యాసా, గుండెపోటా?

ఇంట్లో కూర్చుని తేల్చలేం. ఛాతీ మధ్యలో నొక్కినట్టుండి, ఎడమ చేతికో దవడకో పాకుతూ చల్లటి చెమటలు పడితే గుండె అనుకునే బయల్దేరండి. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పే లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే రావచ్చు. సోడా తాగి, అరగంట చూద్దాం అనుకుని ఆగిపోయినవాళ్లను ఎన్ని కుటుంబాలు పోగొట్టుకున్నాయో. ఈసీజీ తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకండి. 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతే బొప్పాయి ఆకు రసం ఇవ్వాలా?

ఆకు రసం మీద ఆధారపడి కూర్చోవద్దు. డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా ప్లేట్‌లెట్ల సంఖ్య కాదు, రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారి బీపీ పడిపోవడం. అది జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే జరుగుతుంది. ‘జ్వరం పోయింది, ఇక ఫర్వాలేదు’ అనుకునే ఆ రెండు రోజులే జాగ్రత్తగా చూడాలి. ఆగని వాంతులు, కడుపులో తీవ్రమైన నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు చల్లబడటం కనిపిస్తే పరుగెత్తండి. పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేయొద్దు.

పెద్దవాళ్లు

ప్రశ్న: నానమ్మ మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో ఇచ్చే గోలీలు రోజూ వేసుకుంటోంది. ఏమన్నా అవుతుందా?

అవుతుంది. నొప్పుల గోలీలు రోజూ వేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి, కడుపులో పుండు పడి రక్తం కారుతుంది, బీపీ పెరుగుతుంది. పేరు లేని పొట్లాల్లో స్టెరాయిడ్లు కూడా ఉండొచ్చు. ‘వేసుకుంటే పది నిమిషాల్లో హాయి’ అన్న మందునే ఎక్కువ అనుమానించాలి. కుర్చీలో కూర్చుని కాలు చాపి 5 సెకన్లు ఆపి దించే వ్యాయామం తొడ కండను గట్టిపరుస్తుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. పూజ దగ్గర పీట బదులు కుర్చీ వేయండి. నేల మీద కూర్చోవడం ఆవిడకు ఇష్టమైతే అభ్యంతరం లేదు, నొప్పి వచ్చే రోజున మాత్రం వద్దు.

ప్రశ్న: తాతయ్య ఈమధ్య రెండుసార్లు జారిపడ్డారు.

బాత్‌రూమ్ నుంచి మొదలుపెట్టండి. గోడకు పట్టుకునే కడ్డీ, తడి ఆరిన నేల, రాత్రంతా వెలిగే చిన్న లైటు. తర్వాత కళ్లు, ముఖ్యంగా శుక్లాలు చూపించండి. తర్వాత ఆయన మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ ముందు పెట్టండి. నిద్రమాత్ర, బీపీ మాత్ర కలిసి తల తిప్పుతుండొచ్చు. ఇక తిండి. ‘ముసలివాళ్లకు పలచగా చాలు’ అని రెండు ఇడ్లీలతో సరిపెడితే కండ కరిగి కాళ్లు నిలవవు. పళ్లు లేకపోయినా మెత్తటి పప్పు, గుడ్డు, పెరుగు, చేప తినగలరు.

ప్రశ్న: మూతి కాస్త వంకర పోయింది, కాసేపటికి సర్దుకుంది. చూద్దామా?

చూడొద్దు. మూతి వంకర, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులు. సర్దుకున్నా అది రాబోయే పెద్ద దెబ్బకు ముందస్తు హెచ్చరిక. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను ఈ గుర్తులు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. ఎప్పుడు మొదలైందో టైమ్ రాసుకోండి. నోట్లో నీళ్లు, మాత్రలు పోయకండి.

అందరికీ

ప్రశ్న: వడదెబ్బ తగిలితే ఏం చేయాలి?

ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే, మనుషులను గుర్తుపట్టకపోతే అది వడదెబ్బే. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లటి గుడ్డలు పెట్టండి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. స్పృహ లేని మనిషికి మజ్జిగ పోయడం ప్రాణాంతకం. ఉపాధి పనులకు, పొలాలకు వెళ్లేవాళ్లు పలచటి మజ్జిగ, గంజి, నిమ్మరసం దాహం వేయకముందే తాగుతుండాలి. పెద్దవాళ్లకు దాహం తెలియదు, కాబట్టి గంటకోసారి మనమే ఇవ్వాలి.

ప్రశ్న: ఇంట్లో మందుల డబ్బాలో ఏముండాలి?

థర్మామీటర్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పారాసెటమాల్, దూది, కట్టుగుడ్డ. ఇంట్లో అవసరమైనవాళ్లుంటే బీపీ మిషన్, గ్లూకోమీటర్. మిగిలిపోయిన యాంటీబయాటిక్స్ దాచుకోవద్దు, అవి పక్కింటి జలుబుకు ఇచ్చేవి కావు. జలుబుకు అవి పనిచేయవు. ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపు అరలో ఉంచండి, గడ్డ కట్టే పై అరలో కాదు. డబ్బా మూత లోపల అందరి పేర్లు, ఎవరికి ఏ మందు పడదో, వాడుతున్న మాత్రల పేర్లు, 108, 14416 రాసి అతికించండి. పిల్లల చేతికందనంత ఎత్తులో ఉంచండి. ఆరు నెలలకోసారి తీసి, తేదీ దాటినవి ఏరేయండి.